తాగడం మానేసిన బావి

ఎవరి స్మృతిలో మనం ఈ సాయంత్రం కూడామో ఆయన తన పేరు వేదికల మీద మోగడాన్ని ఏనాడూ ఇష్టపడలేదు. ఈ ధర్మపురి ప్రాంతమంతా ఆయన్ని వాద్యారు అనే పిలిచింది. నేనూ అలాగే అంటాను. బడిలో ఆయన చెప్పింది లెక్కలు. బడి విడిచాక పట్టించుకున్నది బావులు. కొత్త ఊరికి వెళ్తే బావి లోతు సంగతి తర్వాత, ముందు ఈ నీళ్ళు ఎవరు తాగుతారని అడిగేవారట. ఆ ప్రశ్నే ఈ ఉపన్యాసానికి ఆధారం.

నేను చెప్పదలచింది ఒక్క మాట. నీటిలో కంటికి కనిపించని కీడు బయటపడ్డ ప్రతిసారీ మన సమాజం ఒకే ఉపాయం పన్నింది: మనిషిని బావికి దూరం చేసింది. కలరాకు అదే చేశాం. ఫ్లోరైడుకు అదే చేశాం. ఆ రెండుసార్లూ అది సరైన పనే. పొలంలో చల్లిన మందు నేలలోకి ఇంకి, భూగర్భ జలాన్ని చేరే మూడో కీడు విషయంలో ఆ ఉపాయం పనిచేయదు. పైగా ప్రమాదాన్ని పెంచుతుంది. ఎందుకో తెలియాలంటే రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాను ధర్మపురి ఉన్న ఈ బారామహల్ సీమను వదులుకున్నాడు. ఆ సీమను కొలిచి, శిస్తు కట్టే పని ఈస్టిండియా కంపెనీ కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు అప్పగించింది. ఆయన సహాయకుల్లో ఒకరు థామస్ మన్రో. ఈ ధర్మపురిలోనే మన్రో ఏడేళ్ళ పాటు పల్లె పల్లె తిరిగి, మెట్ట ఏది, మాగాణి ఏది, బావి కింద తోట ఏది అని వేరుచేసి భూమి లెక్క నేర్చుకున్నారు. తర్వాత 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చి ఇక్కడ నేర్చిన రైత్వారీ పద్ధతిని మా రాయలసీమలో స్థిరపరిచారు. మాకు ఆయన మన్రోలయ్య. కడప, అనంతపురం పల్లెల్లో మగపిల్లలకు ఆ పేరు పెట్టుకున్న కుటుంబాలున్నాయి. మా సీమకూ మీ సీమకూ మధ్య బంధుత్వం కలిపిన మనిషి అనుకుంటే ఆయనే.

అటువంటి మన్రో మద్రాసు గవర్నరుగా చివరి పర్యటనకు బయలుదేరి, 1827 జూలై 6న కర్నూలు సీమలోని పత్తికొండలో కలరాతో కన్నుమూశారు. రాజధానిలో ఉన్న వైద్యమంతా ఆయనకు అందుబాటులో ఉండేది. అయినా ఆ జబ్బు నీటిలో ఉంటుందన్న సంగతి అప్పటికి ప్రపంచంలో ఎవరూ రుజువు చేయలేదు. మరో 27 ఏళ్ళకు, 1854లో, లండన్ సోహో పేటలో జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవారి ఇళ్ళను ఒక్కొక్కటిగా గుర్తించి, దారులన్నీ బ్రాడ్ వీధి చేతిపంపు దగ్గర కలుస్తున్నాయని చూపించాడు. పంపు పిడి ఊడదీశారు. 1884లో కలకత్తాలో రాబర్ట్ కోఖ్ ఒక చెరువు నీటిలో ఆ క్రిమిని పట్టుకున్నాడు. జవాబు స్పష్టం: ఆ నీళ్ళు తాగకండి. గంటల్లో చంపే జబ్బు కాబట్టి కారణానికీ ఫలితానికీ నడుమ దూరం తక్కువ. పటం మీద చుక్కలు పెడితే దోషి దొరికింది.

రెండో కీడుకు ఆ దూరం ఏళ్ళకు పెరిగింది. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు వంగిపోయి, కీళ్ళు బిగుసుకుపోయిన మనుషులను పరీక్షించి, కారణం తాగునీటిలోని ఫ్లోరైడు అని ప్రకటించారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి నివేదిక అదే. అప్పట్లో నెల్లూరూ, సేలం జిల్లాలో భాగంగా ఉన్న ఈ ధర్మపురీ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలోవి. నల్లగొండ సంగతి తెలుగువారికి కొత్తగా చెప్పక్కరలేదు. ధర్మపురి పిల్లల పళ్ళ మీది పసుపు గోధుమరంగు మరకలూ ఆ కథలోవే. ఇక్కడి నేల కింద ఉన్న గ్రానైటు, నైస్, చార్నోకైట్ రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు కొంచెం కొంచెంగా కరిగి నీటిలో కలుస్తుంది. లోతుకు పోయేకొద్దీ నీరు రాతిని అంటుకుని ఎక్కువ కాలం ఉంటుంది. బోర్లు లోతెక్కేకొద్దీ ఆ బాధ కూడా పెరిగింది.

దీనికి తమిళనాడు ఇచ్చిన జవాబు హొగెనక్కల్ పథకం. జపాన్ సంస్థ ఋణంతో, 1,928 కోట్ల రూపాయల అంచనాతో, కావేరి నీటిని ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల ఊళ్ళకు పైపుల్లో తెచ్చారు. 2008లో శంకుస్థాపన, 2013లో ప్రారంభం. 1937 నుంచి లెక్కపెడితే 76 ఏళ్ళు. ఆలస్యమైందని బాధపడవచ్చు, తప్పు చేశారని అనలేం. ఫ్లోరైడు రాతి గుణం. రైతు వేసిందీ కాదు, రైతు ఆపగలిగిందీ కాదు. కనుక మనిషే తప్పుకోవాలి, తప్పుకున్నాడు.

ఇక మూడో కీడు. రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి డీడీటీ పేరు లోకమంతా తెలుసు. దాని పురుగులను చంపే గుణాన్ని 1939లో కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ 1948లోనే మిడతల నివారణకు మన దేశం బీహెచ్‌సీ దిగుమతి చేసుకుంది. 1952 నుంచి ఇక్కడే తయారీ మొదలైంది. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. ఆ విషాదం తర్వాత జరిగిన విచారణల ఫలితమే 1968 నాటి కీటకనాశినుల చట్టం. ఆ చట్టం పుట్టుకే దాని చూపును నిర్ణయించిందని నా అభిప్రాయం. పిండిలో కలిసి మనుషులను అప్పటికప్పుడు చంపిన విషాన్ని చూసి చేసిన చట్టం అది. తయారీ, లైసెన్సు, లేబులు, అమ్మకం, వాడకంలో జాగ్రత్త, ఇవన్నీ ఉన్నాయి. స్ప్రేయర్ నాజిల్ దాటి నేల మీద పడ్డ చుక్క మాత్రం ఆ చట్టం కళ్ళకు పెద్దగా ఆనదు. 1974లో వచ్చిన నీటి కాలుష్య నివారణ చట్టం గొట్టం చివర నుంచి కారే వ్యర్థాన్ని పట్టుకుంటుంది. పదెకరాల మీద పలచగా పడి వానతో దిగేదానికి గొట్టమూ లేదు, చివరా లేదు.

రసాయనాల చరిత్రలో ఒక విచిత్రమైన మలుపు ఉంది, దాన్ని నిదానంగా చూడాలి. డీడీటీ నీటిలో దాదాపు కరగదు. మట్టిని గట్టిగా పట్టుకుంటుంది, జంతువుల కొవ్వులో పేరుకుంటుంది. 1962లో పురుగుమందుల కీడు మీద రేచల్ కార్సన్ పుస్తకం వచ్చాక లోకం ప్రధానంగా భయపడింది ఆ పేరుకోవడం చూసే. కనుక తర్వాతి తరం మందుల్లో త్వరగా విడిపోయేవాటిని, కొవ్వులో నిలవనివాటిని వెతికారు. ఆర్గానోఫాస్ఫేట్లు, కార్బమేట్లు, చివరికి ఇమిడాక్లోప్రిడ్ వంటి నియోనికోటినాయిడ్లు వచ్చాయి. కొవ్వులో నిలవనిది చాలాసార్లు నీటిలో కరుగుతుంది. మొక్క వేరుతో పీల్చుకుని ఆకుల దాకా మోసుకుపోవాల్సిన మందు కరగకపోతే దాని పనే జరగదు. విత్తనానికి పట్టించిన మందులో మొక్కలోకి చేరేది ఐదో వంతుకు మించడం అరుదు. మిగిలింది మట్టిలోనే ఉంటుంది, వాన కోసం చూస్తూ. పక్షినీ తల్లిపాలనూ కాపాడాలని చేసిన మార్పు బావివైపు కొత్త దారి తెరిచింది.

నేలను దాటి నీటిని చేరే శక్తి ఏ మందుకు ఎంతో ముందుగానే అంచనా వేయవచ్చు. అది మట్టిలో ఎన్నాళ్ళకు సగమవుతుంది, మట్టిలోని సేంద్రియ పదార్థాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుంది అన్న రెండు కొలతలు చాలు. ఎక్కువ కాలం నిలిచి, తక్కువగా అంటుకునేదే దిగుతుంది. చెరకు, మొక్కజొన్న పొలాల్లో వాడే అట్రజిన్ అనే కలుపు మందు ఈ జాతికి ప్రసిద్ధ ఉదాహరణ. మట్టిలో సుమారు రెండు నెలలకు సగమయ్యే పదార్థం, వెలుతురు లేని, సూక్ష్మజీవులు తక్కువైన లోతు నీటిని చేరాక ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. జర్మనీ అట్రజిన్‌ను 1991లో నిషేధించింది. దశాబ్దాలు గడిచినా అక్కడి భూగర్భ జలంలో అదీ, దాని విచ్ఛిన్న పదార్థమూ ఇంకా కనిపిస్తున్నాయి. అమెరికాలో 1979లో న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలండ్ ఇసుక నేలల్లో, బంగాళాదుంప పొలాల పక్క బావుల్లో ఆల్డికార్బ్ దొరికింది. మట్టిలోనే విరిగిపోతుందని అంతకుముందు నమ్మిన మందు అది. అదే ఏడాది కాలిఫోర్నియా బావుల్లో నులిపురుగుల మందు డీబీసీపీ బయటపడింది. ఫ్రెస్నో నగరం ఆ నీటిని బొగ్గు వడపోతల గుండా పంపి వాడుకోవాల్సి వచ్చింది.

చెరకు మాట వచ్చింది కనుక ఒక చిన్న ప్రస్తావన. ఈ ఊరి పాత పేరు తగడూరు. దాన్ని ఏలిన అదియమాన్ వంశపు పూర్వికులే చెరకును ఈ నేలకు తెచ్చారని సంగం కవులు చెప్పుకున్నారు. రెండు వేల ఏళ్ళుగా ఈ గడ్డ మీద ఉన్న పంట, నేటి పాలక్కోడు సహకార చక్కెర మిల్లు దాకా. పంట పాతదే, దాని పాదుల్లో పడుతున్న కలుపు మందు అట్రజిన్ వయసు డెబ్బై ఏళ్ళు కూడా లేదు. 1958లో స్విట్జర్లండ్ కంపెనీ గైగీ మార్కెట్లోకి తెచ్చింది దాన్ని.

ఇప్పుడు ఈ నేల స్వభావం చూద్దాం. పైన ఎర్ర గరప నేల, సేంద్రియ పదార్థం తక్కువ. అంటే మందును పట్టి నిలిపే బలం తక్కువ. దాని కింద శిథిలమైన రాతి పొర, గరుసు. ఆ కింద గట్టి రాయి. నీరున్నది రాతిలో కాదు, రాతి పగుళ్ళలో. మట్టిలో అడుగు దిగడానికి వారాలు పట్టే నీరు పగులు దొరికితే గంటల్లో దిగిపోతుంది, పగులు దేనినీ వడకట్టదు. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. ఇక్కడ అది పగులునూ ఎరుగును.

మోట కట్టి కపిల తోలిన కాలంలో బావి ముప్పై నలభై అడుగులు. పై పొరలోని నీరే అందులో ఊరేది. ఎడ్లు అలసిపోయేదాకే నీరు తోడేవారు. తర్వాత కరెంటు మోటార్లు, రైతుకు ఉచిత కరెంటు, బోర్లు వచ్చాయి. ఇక్కడికి దగ్గరలోని తిరుచెంగోడు రిగ్గులు దేశమంతటి రాళ్ళను తొలిచాయి. మా అనంతపురం పల్లెల్లో బోరు బండి అంటే తమిళనాడు బండే. నేడు ఈ జిల్లాలోని చాలా బ్లాకులు కేంద్ర భూగర్భ జల మండలి లెక్కలో ఇంకే నీటి కంటే తోడే నీరు ఎక్కువైన కోవలోకి వచ్చాయి. ఇది నీటి పరిమాణం కథ, అందరికీ తెలిసిందే. తెలియనిది ఇంకొకటి. ప్రతి బోరూ మట్టి అనే వడపోతకు పడ్డ చిల్లు. కేసింగ్ పైపు గరుసు పొర దాకానే దించుతారు. పైపుకూ మట్టికీ మధ్య సందును సిమెంటుతో మూయడం చాలా చోట్ల జరగదు. ఆ సందు వెంట పొలం మీది నీరు సూటిగా దిగుతుంది. ఎండిపోయిన బోరును మూత లేకుండా వదిలేస్తే పిల్లలు పడతారని మనకు ఇప్పుడు తెలుసు, పత్రికలు నేర్పాయి. మందు కూడా పడుతుంది.

అంతకంటే నన్ను కలవరపెట్టేది మంచి ఉద్దేశంతో చేసే పని. బోరు చుట్టూ గుంత తవ్వి, కంకర, ఇసుక నింపి, పొలం మీది వాన నీటిని బోరులోకే మళ్ళించడం ఇప్పుడు అన్ని జిల్లాల్లోనూ ప్రచారంలో ఉంది. ఇంటి కప్పు మీది నీటికి అది మంచి పద్ధతి. మందు కొట్టిన మూడో రోజు వాన పడిన టమాటా తోట నీటికి అది లోతైన నీటిలోకి తెరిచిన తలుపు. కంకర బురదను ఆపుతుంది, కరిగినదాన్ని ఆపదు. వాన నీటిని నేలలోకి పంపడం ఎంత పుణ్యమో చెప్పే కరపత్రాలు ఈ తేడాను రాయవు.

పొలం అలవాట్లలో మరొకటుంది, రైతులకు నాకన్నా బాగా తెలుసు. మందు కలిపేది ఎక్కడ? నీళ్ళున్న చోట, అంటే మోటారు తొట్టి దగ్గర. స్ప్రేయర్ ట్యాంకు కడిగేది అక్కడే. ఖాళీ డబ్బా పారేసేది ఆ గట్టు మీదే. ఎకరం మీద పలచగా పడాల్సిన మందు మిగులు ఒకే చోట, బోరుకు మూరెడు దూరంలో, ఏడాదికి పదిసార్లు పడుతుంది. పొలమంతా ఇంకడం కంటే ఈ ఒక్క అలవాటే బావికి ఎక్కువ హాని చేయగలదు. దీన్ని మార్చడానికి చట్టం అక్కర్లేదు, ఖర్చూ లేదు. కలిపే చోటును బోరుకు దూరంగా గడ్డి నేల మీదికి మార్చడం, కడిగిన నీటిని తిరిగి పైరు మీదే కొట్టేయడం చాలు.

మరి ఎందుకు జరగడం లేదు? ఇక్కడ నా అసలు వాదనకు వస్తాను. ఆ తొట్టిలోని నీళ్ళు రైతు కుటుంబమే తాగే కాలంలో ఏ ఆడమనిషీ అక్కడ ట్యాంకు కడగనిచ్చేది కాదు. తాగడం అనేది బావికి కాపలా. రుచి మారితే, వాసన వస్తే, అన్నం రంగు మారితే ఇల్లు వెంటనే పసిగట్టేది. హొగెనక్కల్ నీరు వీధి కొళాయికి వచ్చాక ఆ కాపలా లేచిపోయింది. బావి ఇక సాగు సరంజామాలో ఒకటి, మోటారూ పైపుల్లాగే. దాన్ని శుభ్రంగా ఉంచాల్సిన బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది.

ఆ నీళ్ళు మాత్రం ఎక్కడికీ పోలేదు. నడి ఎండలో కలుపు తీసే కూలీలు పైపు పెట్టుకుని తాగేది ఆ నీళ్ళే, పశువులకు తాపేది ఆ నీళ్ళే, తెల్లవారుజామున టమాటా బుట్టలు, పూలమూటలు తడిపేది ఆ నీళ్ళే. కొళాయి నాలుగు రోజులు రాకపోతే ఇల్లూ మళ్ళీ ఆ బావికే వెళ్తుంది. ఇక కావేరి సంగతి. అది కూడా ఎక్కడో ఆకాశంలోంచి దిగిన నీరు కాదు. మండ్య చెరకు, వరి పొలాల మధ్య నుంచి నడిచి వచ్చిన నీరు. కలరా నుంచి తప్పుకున్నాం, ఫ్లోరైడు నుంచి తప్పుకున్నాం. పొలం మందు నుంచి తప్పుకోవడానికి వేరే నీరు ఎక్కడుంది? ప్రతి నది పైభాగంలోనూ ఒక పొలం ఉంది.

కొలత సంగతికి వస్తే, ఐరోపా సమాజం 1980లోనే తాగునీటిలో ఏ ఒక్క పురుగుమందూ లీటరుకు 0.1 మైక్రోగ్రాము మించరాదని నియమం పెట్టింది. అది విషం లెక్క కాదు, ఉండకూడదన్న నిర్ణయం. మన ఐఎస్ 10500 ప్రమాణం దారి వేరు: ఒక్కో మందుకు ఒక్కో హద్దు. అట్రజిన్‌కు లీటరుకు 2 మైక్రోగ్రాములు, మోనోక్రోటోఫాస్‌కు 1, క్లోర్‌పైరిఫాస్‌కు 30, మలాథియాన్‌కు 190. జాబితాలో పేరు ఉన్నవాటికే హద్దు. ఇమిడాక్లోప్రిడ్ వంటి తరువాతి తరం మందుల పేర్లు అందులో లేవు. పల్లెలకు ఇచ్చే నీటి పరీక్ష పెట్టెలు ఆమ్లత్వం, కాఠిన్యం, ఫ్లోరైడు, నైట్రేటు చూస్తాయి, పురుగుమందును పట్టలేవు. దానికి క్రోమటోగ్రాఫ్, మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. 2003లో సీసా నీళ్ళలో మందు అవశేషాలున్నాయని ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బయటపెడితే దేశం ఉలిక్కిపడింది. శీతల పానీయాల దాకా వెళ్ళేసరికి పార్లమెంటు సంయుక్త సంఘం కూర్చుంది. సీసాలు నింపిన కంపెనీలు ఆ నీటిని తోడింది నేల కింద నుంచే. సీసా మీద చర్చ నడిచింది. నేల మీద నడవలేదు.

ఇటీవల మోనోక్రోటోఫాస్ మీద వచ్చిన నిర్ణయాలు చూడండి. 2005లో కూరగాయల మీద వాడకం నిషేధం, 2023లో ప్రధాన రూపం మీదే కేంద్రం వేటు. తమిళనాడు ప్రభుత్వం ఆత్మహత్యల నివారణ కోసం కొన్ని మందుల అమ్మకాన్ని కొంతకాలం ఆపింది. ఇవన్నీ అవసరమైన పనులే. వీటి వెనక ఎక్కువగా కనిపించేది తాగి చనిపోయిన మనిషి. తాగినట్టు తెలియకుండా తాగే మనిషి కోసం ఇంకా అలాంటి నిర్ణయం నాకు కనిపించలేదు.

నిరాశతో ముగించడానికి కారణం లేదు, ఎందుకంటే మన తెలుగు నేలలోనే రెండు అనుభవాలున్నాయి. ఒకటి అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల. పత్తి మీద మందుల ఖర్చుతో అప్పుల్లో మునిగిన ఆ ఊరు, రెండువేల దశకం తొలినాళ్ళలో వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం, ఎర పంటలతో సాగు చేసి, రసాయన మందులు వద్దని పంచాయతీగా నిర్ణయించుకుంది. ఆ దారి తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో వేల ఊళ్ళకు పాకింది. రెండోది నీటి వైపు. అదే దశకంలో అనంతపురం, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, నల్లగొండ వంటి కరువు జిల్లాల్లో రైతుల నిర్వహణలో భూగర్భ జల పథకం నడిచింది. రైతులే వానమాపకం చూశారు, తమ బోర్ల నీటిమట్టం తామే కొలిచి గోడ మీద రాశారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీటికి ఏ పంట వేయాలో లెక్క వేసుకున్నారు. చదువురాని రైతు జలశాస్త్రం ఏం చేస్తాడన్నవాళ్ళకు ఆ గోడలే జవాబు. ఆ లెక్కలో మట్టం ఉంది, గుణం లేదు. పునుకులలో మందు ఆగింది, బావిని కొలిచినట్టు నాకు తెలియదు. ఈ రెండు అనుభవాలూ ఇంతవరకూ ఒకదాన్నొకటి కలుసుకోలేదు.

అవి కలవడానికి ధర్మపురి కంటే తగిన చోటు నాకు కనిపించడం లేదు. ఫ్లోరైడు పుణ్యమా అని ఇక్కడ నీటిని పరీక్షించడం జనానికి అలవాటైన పని. ఏ పళ్ళ మరక ఏ బావిదో చెప్పగల ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. పంటలు కూడా ఎంపికకు అనువుగా ఉన్నాయి: పాలక్కోడు టమాటా, చెరకు ఒక పక్క, మందు అంతగా ఎరగని సామలు, రాగులు పండే పెన్నాగరం మెట్టలు ఇంకో పక్క. పక్కపక్కనే పోల్చి చూడవచ్చు. ముందు అన్ని బావుల్లో నైట్రేటు చూస్తే చాలు, అది చవక. నైట్రేటు ఎక్కువున్న చోట పైనుంచి కిందికి దారి తెరిచి ఉందని అర్థం. అలాంటి బావులను మాత్రమే మందుల పరీక్షకు పంపితే ఖర్చు అదుపులో ఉంటుంది. మన అధ్యాపకుల్లో రసాయనశాస్త్రం చెప్పేవారున్నారు, వారి విద్యార్థులు నమూనాలు తీయగలరు. నమూనా తీసేది ఒకసారి వానలకు ముందు, ఇంకోసారి ఈశాన్య ఋతుపవనం వెనుదిరిగాక జనవరిలో. అట్రజిన్, ఇమిడాక్లోప్రిడ్, ఈ రెంటితో మొదలుపెట్టవచ్చు. ఫలితం వచ్చాక ఏ రైతు పేరూ బయటికి రాకూడదు. వస్తే మరో రైతు బావి మూత తీయడు. అంకెలను మాత్రం పంచాయతీ గోడ మీద నీటిమట్టం పక్కనే రాయాలి. ఏ బావులతో మొదలుపెట్టాలన్నది నేను చెప్పగలిగేది కాదు. చెరకు, టమాటా తోటల మధ్య కేసింగ్ సందు మూయని పాత బోర్లు ఎక్కడున్నాయో ఈ సభలో వెనక వరసల్లో కూర్చున్న రైతులకు తెలుసు. ఉపన్యాసం తర్వాత వారితో కూర్చుని ఆ జాబితా రాసుకుంటాను.